కెమెరా ఎక్కడ నిలబడి చూస్తోంది?

మీర్‌పేట పెద్ద చెరువు పక్క వీధిలో ఈ వేసవి ఉదయాల్లో ఒక యువకుడు ఫోను పట్టుకుని ఒకే దృశ్యాన్ని పదే పదే చిత్రీకరిస్తూ కనిపించేవాడు. అతను నా తరగతిలో కూర్చునే ఎం.ఏ. విద్యార్థి. నల్లగొండ జిల్లా నుంచి వలస వచ్చిన మాదిగ కుటుంబం. తల్లి వీధులూడ్చే కార్మికురాలు. లాంగ్ షాట్, మిడ్ షాట్, క్లోజప్. కంటి మట్టం, లో యాంగిల్, హై యాంగిల్. యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న ఈ ఆరు పాఠాలనూ అతను తల్లి మీదనే సాధన చేశాడు. ఆమె పని ముగించుకుని వచ్చి, చీపురు గోడకానించి, పావుగంట ఓపికగా నిలబడేది.

ఒకనాడు ఆ వీడియోలు నాకు చూపించాడు. అదే మనిషి, అదే గోడ, అదే వెలుతురు. పైనుంచి తీసినప్పుడు ఆమె జాలి గొలిపే బాధితురాలు. కింది నుంచి తీసినప్పుడు ఆకాశానికి తల ఆనించిన శ్రామిక దేవత. కంటి మట్టంలో తీసినప్పుడు మాత్రం అలసిపోయి, కాస్త విసుగ్గా, ఇంటికి వెళ్ళి టీ తాగాలనుకుంటున్న నలభై ఐదేళ్ళ స్త్రీ. నేను లో యాంగిల్‌ను మెచ్చుకున్నాను. అతను ఒప్పుకోలేదు. ‘మా అమ్మ పక్కన నిలబడితే నాకిట్ల కనబడదు సార్, ఇది జయంతికి కట్టే ఫ్లెక్సీ లెక్కుంది’ అన్నాడు. ఇరవై ఏళ్ళుగా కులం గురించి చదువుతూ, చెబుతూ వచ్చిన నాకు ఆ జవాబు తట్టనందుకు కొంత సిగ్గుపడ్డాను.

తెలుగులో కోణం అన్న మాటకు దృష్టి అనే అర్థం కూడా ఉండనే ఉంది. మ్యాన్‌హోల్‌లో కార్మికుడు చనిపోయిన ప్రతిసారీ మన చానళ్ళు చూపే దృశ్యాన్ని తలచుకోండి. కెమెరా రోడ్డు మీద నిలబడి గుంతలోకి తొంగి చూస్తుంది. గుంత కిందే ఉంటుంది కనుక ఇంకెలా చూపిస్తారని అడగవచ్చు. కానీ ఆ కార్మికుడు బతికి ఉన్న రోజున, గుంతలో దిగక ముందు, అతని కళ్ళకు ఎదురుగా కెమెరా ఏనాడైనా నిలబడిందా? కోలార్ బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ పొడి మరుగుదొడ్ల ఫొటోలను కూడా తన పోరాటానికి ఆధారాలుగా వాడుకున్నారు. సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తీర్పు 2014 మార్చిలో వచ్చింది. ‘మా రాష్ట్రంలో ఇలాంటి పని లేనే లేదు’ అని ప్రభుత్వాలు చెప్పే అబద్ధానికి ఫొటోను మించిన జవాబు లేదు.

కెమెరా చేతికొస్తే చాలు, అంతా మారిపోతుందని చెప్పేవారితో నాకు పేచీ ఉంది. 2016 జులై 11న గుజరాత్‌లోని ఊనా ప్రాంతంలో చచ్చిన ఆవు చర్మం వలిచిన దళిత యువకులను కొట్టినప్పుడు, ఆ దృశ్యాన్ని చిత్రీకరించి ప్రపంచానికి పంచినవారు కొట్టినవారే. వారికది సాక్ష్యం అనిపించలేదు, ఘనత అనిపించింది. అదే ఏడాది జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక ఫొటోలో, హాస్టల్ నుంచి వెలివేయబడిన రోహిత్ వేముల అంబేద్కర్ పటాన్ని పట్టుకుని నడుస్తున్నాడు. అది తోటివారి నడుమ నుంచి, నడిచే మనిషి ఎత్తులో కనిపించే చిత్రం. ఈ రెంటికీ సాంకేతికంగా తేడా ఏమంత లేదు. తేడా అంతా తీసినవాడు ఎవరి పక్కన నిలబడ్డాడన్నదే.

ఈ సంగతిని మన నగరంలోనే ముందుగా గుర్తించినవారున్నారు. గత దశాబ్దం తొలినాళ్ళలో ఇఫ్లూలో పరిశోధక విద్యార్థిగా ఉన్న బి. రవిచంద్రన్ ‘దళిత్ కెమెరా’ అనే యూట్యూబ్ చానల్‌ను మొదలుపెట్టారు. ఖరీదైన పరికరాలు లేవు, మెరుగులు లేవు. మాట్లాడే మనిషి ముందు కెమెరా పెట్టి, ఆ మనిషి మాట పూర్తయ్యేదాకా కత్తిరించకుండా ఉంచడమే దాని పద్ధతి. టీవీ చర్చల్లో అర నిమిషానికి మించి దొరకని గొంతులకు అక్కడ గంట దొరికింది.

ఇక పరికరం సంగతి. పరికరానికి కులం లేదని నేనూ తరగతిలో చెబుతూ వచ్చాను. ఆ సున్నం గోడ ముందు అతని తల్లి ముఖం ఫోనులో నల్లటి మరకలా పడింది. ఆటోమేటిక్ కెమెరా మొత్తం దృశ్యపు వెలుతురును సగటు కడుతుంది. వెనుక తెల్లగోడ ఉంటే ముందున్న చామనఛాయ ముఖాన్ని చీకటి చేస్తుంది. ముఖం మీద వేలు కాసేపు నొక్కిపట్టి వెలుతురును స్థిరపరచాలని అతను మూడో రోజు నేర్చుకున్నాడు. ఒకప్పుడు కోడక్ సంస్థ రంగులు సరిచూసుకోవడానికి ‘షర్లీ కార్డు’లనే తెల్లజాతి స్త్రీల ఫొటోలను వాడేది. ఇవాళ చాలా ఫోన్లలో అడగకుండానే చర్మాన్ని తెల్లబరిచే బ్యూటీ మోడ్ ఉంటుంది. రంగూ కులమూ ఒకటి కావు, నిజమే. కానీ ‘ఆ పిల్ల ఎస్సీలా లేదే’ అని మెచ్చుకోలుగా అనే సమాజంలో ఈ ఫిల్టరు ఎవరి ముఖాన్ని చెరిపేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

చట్టం వైపు నుంచి కూడా ఈ ఓనమాలు అవసరమే. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది; 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆనాడు ఫోన్లు ఉంటే తీర్పు వేరేగా ఉండేదని నేననను. వీడియోలున్న కేసుల గతీ చూస్తున్నాం. అయినా ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కులదూషణ జనం కంటబడే చోట జరిగిందని రుజువు చేయాల్సి వస్తున్నప్పుడు, మనిషి ముఖంతో పాటు చుట్టూ ఉన్న చోటును, నిలబడ్డ జనాన్ని చూపే లాంగ్ షాట్ విలువ వేరు. మన పిల్లలు ఆవేశంలో క్లోజప్ మాత్రమే తీస్తారు, వాట్సాప్‌లో పంపుతారు, అసలు ఫైలును చెరిపేస్తారు. వాట్సాప్ వీడియోను కుదించి పంపుతుంది. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. కుదించిన కాపీకి అది మారిపోతుంది. ఆ చట్టాలు ఉన్నాయని తెలియడం ఒకటి, అసలు ఫైలును ఫోనులో భద్రంగా ఉంచుకోవాలని తెలియడం మరొకటి.

ఇవి ఎక్కడ నేర్చుకోవాలి? ఎల్బీనగర్‌కు 2018లో మెట్రో వచ్చింది గానీ మీర్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్ ఇప్పటికీ దూరమే. అక్కడి ఫిల్మ్ స్కూళ్ళ ఫీజులు లక్షల్లో ఉంటాయి. మా విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం శాఖ దాటితే కెమెరా ఊసే లేదు. సాంఘిక శాస్త్రాల విద్యార్థులకూ, గురుకులాల్లో ఇంటర్ పిల్లలకూ నాలుగు వారాల ఫోన్ చిత్రీకరణ పాఠం పెట్టడానికి కొత్త భవనాలు అక్కరలేదు. ఉన్న ఫోన్లు, ఒక ఉపాధ్యాయుడు, చట్టం తెలిసిన ఒక న్యాయవాది చాలు. ఈ ప్రతిపాదనను మా బోధనాంశాల సమావేశంలో పెట్టినప్పుడు ఒక సహాధ్యాపకుడు ‘రీల్స్ తీయడం కూడా చదువేనా?’ అని నవ్వారు. వ్యాసరచన నేర్పేటప్పుడు, ప్రేమలేఖలు రాసుకుంటారేమోనని ఆయన ఎన్నడూ భయపడలేదు.

మొన్న అతని ఇంటికి వెళ్ళినప్పుడు మూడు నిమిషాల చిత్రం పూర్తయి ఉంది. ఆసాంతం కంటి మట్టంలోనే. తల్లి కుర్చీలో కూర్చుని మౌనంగా చూసింది. చివరికి, ‘అంతా బాగానే ఉంది బిడ్డా, జర తెల్లగ కనబడేటట్టు ఒకటి తియ్యి, మీ మేనత్తకు పంపిస్త’ అంది. అతను నా వైపొకసారి చూసి, బ్యూటీ మోడ్ పెట్టి ఇంకొకటి తీశాడు.