గట్టు చెక్కుకోవాలి

ఎండలు ముదిరేసరికి మా డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు కలిసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "పూలమడిలోకి గడ్డి వచ్చేస్తోందండీ, ఏ మందు కొట్టాలి?" మందు సంగతి తర్వాత. వచ్చింది ఎవరో ముందు చూడండి.

చాలా ఇళ్ళల్లో అది గరికే. వినాయక చవితికి పూజలో పెడతామే, అదే. ఇక్కడ దాన్ని బెర్ముడా గ్రాస్ అంటారు గానీ దాని పుట్టిల్లు బెర్ముడా కాదు. లాన్లకి అమ్మే రకాల్లో కొన్ని సంకరాలు, స్వభావం మాత్రం ఒకటే. లాన్‌లో ఉన్నంతసేపు నీళ్ళు పోసి, ఎరువేసి పెంచుతాం. జానెడు ఇవతలికి, మల్లె మొదట్లోకి వస్తే కలుపంటాం. చంపాల్సిందీ బతికించాల్సిందీ ఒకే మొక్క కావడమే అసలు చిక్కు.

ఒకే మొక్క అన్నది మాటవరసకి కాదు. గరికకి నేల మీద పాకే కాడలూ ఉన్నాయి, మట్టిలో పాకేవీ ఉన్నాయి. మడిలో కనిపించిన పోచ పట్టుకుని వెనక్కి వెళ్తే లాన్‌లో తేలతాం. గ్లైఫోసేట్ లాంటి మందు ఆకులోంచి దిగి కాడల వెంట పోతుంది. మడిలో కొట్టిన వారం పది రోజులకి లాన్ అంచు ఎండిపోతే గాలికి తుంపర పడిందనుకుంటారు. ప్రతిసారీ గాలి తప్పే కాదు.

అందుకని ముందు తెంచాలి. ఊళ్ళో నాట్లకి ముందు పార పట్టి గట్లు చెక్కుతారు చూడండి, ఇక్కడా అదే పని. లాన్‌కీ మడికీ మధ్య ఆరంగుళాల లోతున చిన్న కాలువ తీయండి. లాన్ వైపు గోడలా నిటారుగా, మడి వైపు వాలుగా ఉండాలి. అందంగా ఉంటుందని దాన్ని మల్చ్‌తో నింపకండి, గరికకి వంతెన కట్టినట్టే. వేసవంతా రెండు వారాలకోసారి అంచు మీద వేలాడే కాడల్ని కత్తిరిస్తే చాలు. నడుం నొప్పి పనే, కాదనను.

తెగి మడిలో మిగిలినదాన్ని పారతో నరక్కండి. ప్రతి కణుపూ ఓ మొక్కవుతుంది. మట్టి తడిగా ఉన్నప్పుడు ముళ్ళ పారతో గుల్ల చేసి, కాడ మొత్తం లాగి, సంచిలో కట్టి చెత్తలో వేయండి. కంపోస్టులోకి వద్దు. మొక్కల మధ్య ఇరుక్కున్నదానికి గ్లైఫోసేట్‌ని స్పాంజితో ఆకులకే పూయొచ్చు, అదీ పచ్చగా పెరుగుతున్నప్పుడే. చలికి ఎండి నిద్రపోయిన గరిక మీద మందు దండగ.

గడ్డిజాతిని మాత్రమే చంపే సెథాక్సిడిమ్ లాంటివి మందార, బంతి మధ్య పనికొస్తాయి, లేబుల్‌లో ఆ మొక్క పేరుంటే. లాన్ మీద పడితే దాన్నీ మాడుస్తాయి. ఇక మన మడుల్లో పూలతో పాటు గోంగూర, బచ్చలి, కరివేపాకు ఉంటాయి. అక్కడ ఏ మందూ వద్దు, చేతులే. పచ్చడి చేసుకు తినేదాని మొదట్లో ప్రయోగాలేమిటి?

కాడ వేళ్ళ మధ్య తిప్పితే మూడు పలకలుగా తగిలిందా? అది గరిక కాదు, తుంగ. పైన చెప్పిన సెథాక్సిడిమ్ దీన్నేమీ చేయదు, ఎందుకంటే ఇది గడ్డిజాతే కాదు. పీకితే పోచ చేతికొస్తుంది, కింద గడ్డలు ఉండిపోతాయి. ఆయుర్వేదం కొట్లో తుంగముస్తలని అమ్మేవి ఈ జాతి గడ్డలే. నల్లగుడ్డ పరిచినా దాన్ని పొడుచుకుని పైకొస్తుంది. లాన్‌లో అయితే హాలోసల్ఫ్యూరాన్ బెర్ముడాని వదిలి తుంగని పడుతుంది. కానీ పూలమొక్కల మీద పడితే వాటినీ దెబ్బతీస్తుంది కాబట్టి మడిలో ఉపాయం ఒక్కటే: ఐదారు ఆకులు రాకముందే, కొత్త గడ్డ కట్టకముందే, మొలిచిన ప్రతిసారీ తవ్వి తీయడం. పాత గడ్డలో నిల్వ అయిపోయేదాకా. ఒక వేసవిలో తేలే పని కాదు, రెండోది కూడా లెక్కలో వేసుకోండి.