కళాశాలాధ్యాపకుని ఋణము

అక్షరములు దిద్దించిన పంతులుగారిని మన మెన్నఁడును మఱవము. ఆయన మన యూరిలోనే యుండును, అంగడిలోఁ గనఁబడును, మన వివాహమునకు వచ్చి యక్షతలు చల్లును. కళాశాలాధ్యాపకుని స్థితి యట్టిది కాదు. జగిత్యాలకో, కరీంనగరమునకో, హైదరాబాదునకో పోయి మూఁడేండ్లు చదివి, పట్టము చేతఁ బట్టుకొని బస్సెక్కితిమా, ఆయన పేరు జ్ఞాపకముల యడుగునఁ బడిపోవును. ఇది న్యాయము కాదని నా యభిప్రాయము.

బాలునికిఁ దెలియనిదానిని దెలుపుట యొక పని. తన కన్నియుఁ దెలియునని తలఁచు పదునెనిమిదేండ్ల యువకునికి స్వయముగా నాలోచించుట నేర్పి, ఆ యాలోచన తన యభిప్రాయమునకే విరుద్ధముగా వచ్చినపుడు కోపింపక వినుట మఱియొక పని. రెండవది మిక్కిలి కష్టము. అందుచేతనే కాఁబోలు, అట్టివా రరుదు.

మిషను కళాశాలల చరిత్రలోనే దీనికొక నిదర్శనము కలదు. తిరుత్తణిలో 1888 సం॥న తెలుఁగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు చెన్నపురి క్రైస్తవ కళాశాలలోఁ దత్త్వశాస్త్రము చదివిరి. వేదాంతమునందు నీతికిఁ దావు లేదని నాఁటి క్రైస్తవ విమర్శకులు పలువురు చెప్పుచుండిరి. ఆ మాట యువకుని మనస్సును గ్రుచ్చెను. 1908 సం॥న ఎం.ఏ. పరీక్షకై ఆయన వ్రాసిన వ్యాసము ఆ విమర్శకుఁ బ్రత్యుత్తరమే. అప్పటి కాయనకు ఇరువదేండ్లు. ఆచార్యులైన ఏ. జి. హాగ్ గారు స్వయముగా మిషనరీ. క్రైస్తవ వేదాంతమునఁ బండితులు. శిష్యుఁడు తమ పక్షమువారినే ఖండించుచున్నాఁడని యలుగక, ఆ వ్యాసమును మెచ్చుకొని యోగ్యతాపత్రము వ్రాసి యిచ్చిరి. 1962 సం॥ నుండి సెప్టెంబరు 5వ తేదీని మనము గురుపూజోత్సవముగా జరుపుకొనుచున్నాము. నాఁడు రాధాకృష్ణన్ గారి పటమునకుఁ బూలమాల వేయు బాలబాలికలలో హాగ్ గారి పేరు విన్నవా రెందఱు?

అంత దూర మేల? మన సిరిసిల్ల ప్రాంతమునే చూడుఁడు. హనుమాజీపేటలో 1931 సం॥న పుట్టిన సి. నారాయణరెడ్డిగారు నిజాము కాలపు బడులలో ఉరుదూ మాధ్యమమునఁ జదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయమునఁ దెలుఁగు ఎం.ఏ. చేసి, ఖండవల్లి లక్ష్మీరంజనంగారి పర్యవేక్షణమునఁ బరిశోధన గావించిరి. గురువుగారు సాహిత్యచరిత్రమునందును ఆంధ్రుల చరిత్ర సంస్కృతులందును నిష్ణాతులు. శిష్యుని మక్కువ యంతయు నవ్యకవిత్వముమీఁద. ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ అను గ్రంథ మా పరిశోధన ఫలమే. 1962 సం॥న ‘గులేబకావళి కథ’ చిత్రమునకుఁ బాటలు వ్రాసినవారును, ‘విశ్వంభర’కుఁగాను 1988 సం॥పు జ్ఞానపీఠ పురస్కార మందినవారును ఈ శిష్యులే. పల్లెటూరి బాలుఁడింతవాఁడయ్యెనని మన సభలలో నెల్లరు గర్వముతోఁ జెప్పుదురు. చెప్పవలసినదే. ఆ గర్వములో ఖండవల్లివారి పేరొక్కసారి యైనఁ గలిసిన బాగుండును.

“జీతము పుచ్చుకొని పాఠము చెప్పినవారికిఁ గృతజ్ఞత యేల?” యని యడుగు తెలివిపరులు కొందఱున్నారు. జీతము పాఠపు గంటకు. శిష్యుని యెదురుమాట వినుటకు ఏ సర్కారును జీతము కట్టలేదు. ఆ ఋణమునకుఁ బ్రతిమలు నిలుపనక్కఱలేదు; విలియం మిల్లరుగారు సజీవులై యుండఁగనే, 1901 సం॥న, వారికిఁ జెన్నపురిలోఁ బ్రతిమ నెత్తిన శిష్యులు అదృష్టవంతులు. మన కొక యుత్తరము చాలును. “మీరు గొప్పవారు” అని మాత్రము వ్రాయకుఁడు. ఏనాఁడు, ఏ మాటచేత మీ యాలోచన మాఱినదో యది వ్రాయుఁడు.

నేనును ఆలస్యము చేసినవాఁడనే. ప్రబంధములు నిష్ప్రయోజనములని కళాశాలలో నేనొక వ్యాసము వ్రాసితిని. ప్రబంధములే ప్రాణముగాఁ గల మా యుపన్యాసకులు దానికి మంచి మార్కులు వేసి, “పూర్తిగాఁ జదివి మఱల నిందింపుము” అని తమ సొంత మనుచరిత్ర ప్రతి నిచ్చిరి. ఇరువదిరెండేండ్లు అది నాయొద్దనే యుండెను. మొన్న వేసవిలోఁ గోరుట్లలో బస్సెక్కి, జగిత్యాలలోని వారి యింటికిఁ బోయితిని. ఆయనకు నా పేరు జ్ఞప్తికి రాలేదు. మనస్సు చివుక్కుమన్న మాట వాస్తవము. సంచిలోనుండి పుస్తకము తీయఁగానే మాత్రము, “ఇది నీయొద్ద నున్నదా!” యని పకపక నవ్విరి.

“చదివితివా?”

“చదివితిని సారూ. ఇప్పుడు సగము మాత్రమే నిందించుచున్నాను.”

“మంచిది. నీ పిల్లలు నీతో నెదిరించి మాటలాడుదురా?”

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. కాఫీ వచ్చినది, మాట వేఱొక దారిని బోయినది. సెలవు తీసికొనునపుడు పుస్తక మాయన తీసికొనలేదు, మీ బడిలో నుంచుమనిరి. అది యిప్పుడు మన పాఠశాల గ్రంథాలయమునఁ గిటికీప్రక్క బీరువాలో నున్నది. అంచులలోఁ బెన్సిలుతో వ్రాసిన వ్రాఁతలు వారివి. పుస్తకము తీసికొనువారు వానిని జెఱుపకుందురు గాక. విభేదించువారు ప్రక్కనే తమ మాటయు వ్రాయవచ్చును. గ్రంథాలయాధికారిగారి యనుమతి నేను దీసికొంటిని.