గేరు పెట్టెకూ జాతకాలు కలవాలి

2022లో నందిగామ, జగ్గయ్యపేట కృష్ణా జిల్లా నుంచి విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినా మెట్టసీమ వాసికి పాత కారు మీది మమకారం మారలేదు. పెళ్ళిబృందం తరలాలన్నా, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకు పోవాలన్నా ఒకనాడు అంబాసిడర్ కారే కదా శరణ్యం! 2014లో ఉత్తరపాడా ఫ్యాక్టరీలో దాని తయారీ ఆగిపోయింది. తండ్రి కొన్న బండిని పాత ఇనుముకింద తూయించటానికి ఏ కొడుక్కు చేతులు వస్తాయి?

ఆ పాత డీజిల్ బండికి 1489 సి.సి. ఇంజను, నాలుగు గేర్లు. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది. 1990లలో అదే కంపెనీ ఇసుజు ఇంజనుతో, అయిదు గేర్లతో, కర్ర నేలమీద ఉండేటట్లు బండ్లు చేసింది. అందుచేత, “ఆ పెట్టె తెచ్చి మన బండికి తగిలిస్తే పోలా?” అన్న ఆలోచన పుడుతుంది. అయిదో గేరులో షాఫ్టు ఇంజను కంటె వేగంగా తిరుగుతుంది గనుక హైదరాబాదు రోడ్డుమీద ఇంజనుకు రొద, ఆయాసం తగ్గుతాయి. ఆలోచన మంచిదే. కాని ఇది పెళ్ళివంటిది; జాతకాలు చూడాలి.

మొదటిది, ఇంజను వెనుక బోల్టు రంధ్రాలు ఇసుజు పెట్టెకు కలవవు. నడుమ ఇనుప పలక ఒకటి కోయించాలి. ఆ పలకలో కేంద్రం వెంట్రుకవాసి తప్పినా, గేరు షాఫ్టు ముక్కు క్రాంకులోని బుష్షును అరగదీస్తుంది, గేరు జారిపోతుంది. క్రాంకుకు డయల్ గేజి బిగించి, చుట్టూ తిప్పి చూడని మేస్త్రీని నమ్మకండి.

రెండవది, పలక ఎంత మందమైతే పెట్టె అంత వెనక్కు పోతుంది. షాఫ్టు ముక్కు బుష్షుకు అందకపోతే పొడుగైన బుష్షు తిప్పించాలి. క్లచ్చి ప్లేటు నడిమి పళ్ళు కొత్త షాఫ్టుకు, వెలుపలి కొలత పాత ఫ్లైవీలుకు సరిపోవాలి.

మూడవది ప్రొపెల్లర్ షాఫ్టు. దాని పొడవు మారుతుంది. కోసి అతికించటంతో సరికాదు, బ్యాలెన్సు చేయించాలి. లేకుంటే వేగంలో అదిరి అదిరి, ఏదో ఒకనాడు అతుకు ఊడి షాఫ్టు రోడ్డును తాకుతుంది. అప్పుడు బండిలో పిల్లలుంటే? ఈ ఖర్చులో పిసినారితనం పనికిరాదు.

పెట్టెను మోసే అడ్డకమ్మీ, స్పీడోమీటరు తీగ, నేలలో కర్రకు కంత, ఇవన్నీ పైపని. విజయవాడ ఆటోనగరులో లేతుపనివారు దొరుకుతారు. చిక్కల్లా ఇంజను బలంతోనే. నలభై గుర్రాలకు లోబడిన ఇంజను, నిండు బండితో ఎత్తు ఎక్కేటప్పుడు అయిదో గేరును లాగలేదు. కొత్త గేరు సమమైన రోడ్డుకే అక్కరకు వస్తుంది.

పెట్టె మార్చకముందు మరొక్క మాట. గేరు పడక తడుముకోవటానికి పెట్టెయే కారణం కానక్కరలేదు. స్టీరింగు నుంచి కిందికి దిగే కడ్డీల బుష్షులు అరిగి ఉండవచ్చు. అవి మార్పించి చూడండి. దానితో కుదురుకుంటే వేలకు వేలు మిగిలినట్లే.

అన్నిటికన్న ముందు చట్టం ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి మార్పులకు హద్దులు గీసింది. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు కూడ చెప్పింది. రవాణా కార్యాలయంలోను, ఇన్సూరెన్సు వారివద్దను లిఖితపూర్వకంగా అడగండి. ప్రమాదం జరిగినాక, “మేస్త్రీ పరవాలేదన్నాడండీ” అంటే వినేవారుండరు. ఆ జవాబు చేతికందేదాకా బండి నేలమీద గ్యాసు కట్టరు పెట్టనివ్వకండి.