పాట ఎక్కడరా?

ఈసారి కంప్యూటర్లను కాస్త పక్కన పెట్టి, హాల్లో పాటలు వినిపించే పెట్టె గురించి మాట్లాడుకుందాం.

రెండేళ్ళ క్రితం నాన్నగారు ఆరు నెలలు ఉందామని మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. ఆయనకు సాయంత్రం కాఫీతో పాటు ఘంటసాల పాట ఉండాలి. ఆ సంబరంలో నేను డబ్బా మీద "1000 వాట్లు" అని ఉన్న సెట్టొకటి కొని, సబ్‌వూఫర్‌ని మూలకి నెట్టి, నాబ్ చివరిదాకా తిప్పాను. కిటికీ అద్దాలు అదిరాయి. నాన్నగారు రెండు నిమిషాలు విని, "దడదడ బాగానే ఉంది గానీ, పాట ఎక్కడరా?" అన్నారు. మర్నాడు కింది ఫ్లాట్ వాళ్ళు రాసిన చీటీ తలుపుకి అంటించి ఉంది. ఆ తర్వాత నాన్నగారు పాట పెట్టమని అడగడమే మానేశారు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

కంప్యూటర్లలో మాస్టర్స్ చేసినవాణ్ణి, ఒక సెట్టు సరిగ్గా పెట్టలేనా అని పట్టుదలగా కూర్చుని నేర్చుకున్నాను. నేను నేర్చుకున్నవి ఇవి.

మొదటిది వాట్లు. డబ్బా మీద పెద్ద అంకె చాలాసార్లు క్షణకాలం మాత్రమే ఇచ్చే పీక్ పవర్. మనం చూడవలసింది ఆగకుండా ఇచ్చే పవర్. ఈ అంకెల గారడీ పాతదే. ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే దీనిమీద నిబంధన పెట్టింది. అందరూ ఒకే పద్ధతిలో కొలిచి చెప్పాలని 2024లో దాన్ని సవరించింది. పైగా వాట్లు రెట్టింపు చేసినా పెరిగే శబ్దం 3 డెసిబెల్సే! మామూలు హాలుకి ఛానెల్‌కి నిజమైన 30 నుంచి 50 వాట్లు ఉంటే చాలు.

రెండోది యాంప్లిఫయర్. క్లాస్-డి రకంవి లావుపాటి పుస్తకమంతే ఉంటాయి, పెద్దగా వేడెక్కవు. కొనేముందు వెనకవైపు "సబ్ అవుట్" ఉందా, మీ స్పీకర్ల ఓమ్స్‌కి సరిపోతుందా అని చూసుకోండి.

మూడోది క్రాసోవర్ నాబ్. దాన్ని 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. మనిషి గొంతు దాదాపు అంతా ఆ పైనే ఉంటుంది. నేను 200 దగ్గర పెట్టడంతో సబ్‌వూఫర్ వెళ్ళి ఘంటసాల గొంతులో వేలు పెట్టింది!

నాలుగోది పిల్లల పని. సబ్‌వూఫర్‌ని మీరు కూర్చునే చోట పెట్టి, పాట వేసి, గోడల వెంట పాకుతూ వినండి. దడదడ లేకుండా బేస్ స్పష్టంగా వినిపించిన చోటే దాని స్థానం. మూలలో పెడితే మోత ఎక్కువవుతుంది. తర్వాత సౌండ్ తగ్గిస్తూ రండి. అది ఉన్నట్టే తెలియకూడదు, ఆపితే మాత్రం ఏదో వెలితి అనిపించాలి. రాత్రి తొమ్మిది దాటితే పూర్తిగా ఆపేయండి. సన్నటి చెక్క గోడలు, నేలలు బేస్‌ని ఆపలేవు.

మా ఇంట్లో పాకింది మా అమ్మాయి. సోఫా పక్కన ఆగి, "డాడీ, ఇక్కడ!" అంది. ఆ సాయంత్రం అడక్కుండానే పాట పెట్టాను. నాన్నగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "మృదంగం ఎడమచేతి దెబ్బ ఇప్పుడు తెలుస్తోందిరా" అన్నారు. అమ్మాయి తాతయ్య పక్కన చేరి, పాటలో ఒక మాటకు అర్థం అడిగింది. అది వినపడింది కాబట్టే కదా అడిగింది!