జంషెడ్‌పూర్ బడులు: స్థలం ఎవరిది, సీటు ఎవరికి?

చలికాలం వచ్చిందంటే జంషెడ్‌పూర్‌లో చిన్నపిల్లలున్న ఇళ్లలో నర్సరీ అడ్మిషన్ల గురించే మాట్లాడుకుంటారు. పేరున్న బడుల్లో ఉండే సీట్లు కొన్నే, వచ్చే దరఖాస్తులు మాత్రం ఎన్నో రెట్లు. చివరికి లాటరీయే దిక్కు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి తాతల కాలంలో ఉక్కు కర్మాగారం పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది ఏటా ఉండే దిగులే.

సర్కారు బడికి ప్రత్యామ్నాయంగా ప్రైవేటు చదువు ఎలా వర్ధిల్లుతుందో చెప్పాలనుకునేవారికి జంషెడ్‌పూర్ చక్కటి ఉదాహరణగా కనిపిస్తుంది. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టింది. దాని చుట్టూ లేచిన ఊరికి 1919లో జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది. రోడ్లు, నీళ్లు, ఆసుపత్రి అన్నీ కంపెనీవే. ప్రజలు ఎన్నుకున్న నగరపాలక సంస్థ లేకుండానే ఊరు వందేళ్లు దాటింది. చదువు సంగతీ అంతే. 1921లోనే ఇక్కడ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. క్రైస్తవ మిషనరీలు 1945లో సేక్రెడ్ హార్ట్ కాన్వెంట్, 1947లో లయోలా స్కూలు, 1949లో ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ పెట్టారు. దక్షిణ భారత మహిళా సమాజం, కేరళ సమాజం వంటి సంఘాలు తమ తమ బడులు నడుపుకున్నాయి. ‘ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే సమాజం తనకు కావలసిన బడులు తానే కట్టుకుంటుంది’ అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది.

కానీ ఈ కథలో ఒక ప్రశ్న ఎవరూ అడగరు. ఆ బడులకు స్థలం ఎక్కడిది?

నగరంలో చాలా బడులు నిలిచింది కంపెనీ లీజు భూమి మీద. బజారు ధర పెట్టి కొన్న స్థలాలు కావవి. కంపెనీకైనా ఆ భూమి సొంతం కాదు, ప్రభుత్వం దగ్గర లీజుకు తీసుకున్నదే. 1996 జనవరి నుంచి 30 ఏళ్లకు వర్తించేలా ఆ లీజును 2005లో పునరుద్ధరించారు. ఆ గడువు 2025తో తీరింది. అంటే మనం మార్కెట్ విజయం అనుకుంటున్నదాని పునాదిలో ప్రజల భూమి ఉంది. దాని మీద ఒక కంపెనీ తన కార్మికుల కోసం పెట్టిన పెట్టుబడి, మిషనరీల సేవ, వలస సంఘాల చందాలు ఉన్నాయి. ఫీజు కట్టేవాడు, పాఠం అమ్మేవాడు మాత్రమే ఉండే బజారు ఇది కాదు.

ఏ రాయితీ లేని, నిజంగా ఫీజుల మీదే బతికే బడులు ఎలా ఉంటాయో తెలుసుకోవాలంటే మన దగ్గరికే రావాలి. హైదరాబాద్ పాతబస్తీలో చిన్న ఫీజులతో నడిచే ప్రైవేటు బడులను చూసి జేమ్స్ టూలీ అనే బ్రిటిష్ విద్యావేత్త పేదలకు మార్కెట్టే దారి అని వాదించాడు. ఆ వాదాన్ని పరీక్షించే పెద్ద ప్రయోగం 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే మొదలైంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 180 గ్రామాల్లో లాటరీ తీసి, గెలిచిన పిల్లలకు ప్రైవేటు బడిలో చదివే వోచర్లు ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో వోచర్ పిల్లలకూ సర్కారు బడి పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం వోచర్ పిల్లలు ముందున్నారు. అది సర్కారు ప్రాథమిక బడుల్లో పెద్దగా చెప్పని సబ్జెక్టు.

ప్రైవేటు బడి మెరుగ్గా చెబుతుందన్న నమ్మకానికి ఇది ఎదురుదెబ్బ. అయితే సర్కారు బడిని సమర్థించేవారు సంబరపడడానికీ ఇందులో ఏమీ లేదు. ఆ ప్రైవేటు బడుల్లో ఒక్కో పిల్లవాడి మీద అయిన ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం కేటాయించి కూడా అవే మార్కులు తెప్పించాయి. ఈ చౌకకు ముఖ్య కారణం టీచర్ల జీతం. సర్కారు టీచరు జీతంలో ఆరో వంతు కూడా అందని మనిషి అక్కడ పాఠం చెబుతున్నాడు. అంటే ఆ పొదుపును చాలా మటుకు భరిస్తున్నది చదువుకున్న నిరుద్యోగి.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఫీజుల మీదే నడిచే బడి చౌకగా ఉంటుంది కానీ చదువులో గొప్ప తేడా చూపదు. జంషెడ్‌పూర్‌లో పేరున్న బడులు అలాంటి చౌక బడులు కావు. వాటికి విశాలమైన స్థలం, స్థిరమైన అండ, నిలకడగా ఉండే టీచర్లు దొరికారు. ఈ మూడింటిలో ఏదీ పోటీ నుంచి పుట్టింది కాదు.

అలాంటప్పుడు ఆ ఫలం ఎవరికి చేరుతోంది? ఉక్కు కర్మాగారంలో పర్మినెంట్ ఉద్యోగం, క్వార్టర్ ఉన్న కుటుంబానికి దారి సుగమం. కాంట్రాక్టు కూలీకి, బస్తీలో ఉండే ఆదివాసీ కుటుంబానికి మిగిలేది సర్కారు బడి. ఆ బడి కూడా చాలాచోట్ల దూరమైంది. పిల్లలు తక్కువగా ఉన్నారన్న కారణంతో 2016 తర్వాత జార్ఖండ్ ప్రభుత్వం నాలుగు వేలకు పైగా బడులను పక్క బడుల్లో కలిపేసింది. ఒకపక్క ఉన్న బడి దూరం జరుగుతుంటే, మరోపక్క దగ్గరున్న బడి గేటు తెరుచుకోదు.

ఆ గేటు తెరవడానికే 2009 విద్యాహక్కు చట్టంలో 12వ సెక్షన్ వచ్చింది. ప్రైవేటు బడులు తొలి తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల, వెనుకబడ్డ సమూహాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి, ఖర్చు ప్రభుత్వం తిరిగి చెల్లించాలి. 2012లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. కానీ 2014లో ప్రమతి కేసు తీర్పుతో మైనారిటీ సంస్థలు నడిపే బడులకు ఈ చట్టం వర్తించకుండా పోయింది. మిషనరీ బడులకు ఇంత పేరున్న జంషెడ్‌పూర్ లాంటి ఊళ్లో ఆ మినహాయింపు బరువు ఎంతో ఊహించుకోవచ్చు. ఆ తీర్పు సరైనదేనా అన్న అనుమానం 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ధర్మాసనానికే వచ్చింది. విషయాన్ని విస్తృత ధర్మాసనం తేల్చాలని కోరింది.

ఇదే సెక్షన్‌లో అంతగా చర్చకు రాని ఒక షరతు ఉంది. రాయితీ మీద భూమో, భవనమో పొంది, అందుకు బదులుగా ఉచిత చదువు చెప్పే బాధ్యత ఇప్పటికే ఉన్న బడికి ఆ మేరకు ప్రభుత్వం డబ్బు తిరిగి ఇవ్వనక్కర్లేదు. అంటే స్థలం రూపంలో ధర ముందే ముట్టింది కాబట్టి సీటు ఇవ్వడం దానం కాదు, బాకీ తీర్చడం. ఢిల్లీలో ఈ సూత్రం కొంతవరకు అమలైంది. ప్రభుత్వ సంస్థ నుంచి భూమి పొందిన బడులు కేటాయింపు షరతులకు కట్టుబడాల్సిందేనని 2004లో మోడరన్ స్కూల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

బడుల యాజమాన్యాలకూ న్యాయమైన అభ్యంతరాలున్నాయి. ప్రభుత్వం చెల్లించాల్సిన డబ్బు తక్కువ, అదీ వేళకు రాదు. అధికారుల జోక్యం పెరిగితే ఇన్నేళ్లుగా కాపాడుకున్న స్వేచ్ఛ పోతుందన్న భయమూ ఉంది. అందుకే బేరం ముందే స్పష్టంగా ఉండాలి. స్థలం ఏ షరతు మీద ఇచ్చారు, ఎన్ని సీట్లు ఎవరికి, మిగతా ఖర్చు ఎవరు ఎప్పటిలోగా చెల్లించాలి అన్నవి లీజు కాగితంలో రాసి ఉండాలి, అవి ప్రజలకు కనబడాలి. ఆపైన పాఠం ఎలా చెప్పాలన్నది బడికే వదిలేయవచ్చు.

ఒక ఊరి చదువు ఒక కంపెనీ బాగు మీద నిలబడడంలో ఉండే ముప్పు మనకు తెలియనిది కాదు. 2014లో సిర్పూర్ పేపర్ మిల్లు మూతపడి మళ్లీ 2018లో తెరుచుకునేదాకా, మిల్లు జీతాల మీద బతికిన కాగజ్‌నగర్ ఎంత నలిగిందో చూశాం. కంపెనీ ఔదార్యం వేరు, హక్కు వేరు. మొదటిది లాభనష్టాలను బట్టి మారుతుంది.

తెలుగు రాష్ట్రాలకూ ఇందులో పాఠం ఉంది. తెలంగాణలో 25 శాతం సీట్ల నిబంధన ఏళ్ల తరబడి కాగితానికే పరిమితమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి పథకం ప్రైవేటు బడిలో చదివే పిల్లల తల్లులకు కూడా డబ్బు ఇచ్చింది. ఒకరకంగా అది పేరు చెప్పని వోచరే. ప్రైవేటు చదువులోకి ప్రజాధనం ఇప్పటికే భూమిగా, నగదుగా, పన్ను మినహాయింపుగా వెళ్తోంది. కాబట్టి ప్రైవేటు కావాలా, సర్కారు కావాలా అన్నది అసలు తగువు కాదు. ప్రజలు ఇచ్చినదానికి బదులుగా ప్రజల పిల్లలకు ఏం దక్కుతోంది అన్నదే అడగాలి. జంషెడ్‌పూర్‌లో బడి గేటు బయట లాటరీ ఫలితం కోసం నిలబడ్డ కాంట్రాక్టు కార్మికుడికి ఆ లెక్క అడిగే హక్కు ఉంది.