ఎండలకి కారణం కలియుగం కాదు

2024 ఏప్రిల్ 30న మా సాలువా దగ్గరలోని కలైకుండాలో 47.2 డిగ్రీల ఎండ కాసింది. ఆ రోజు దేశంలో అదే అత్యధికం. టీ కొట్టు దగ్గర ఒక తెలుగాయన "కలియుగం కదండీ, పాపం పండింది" అన్నాడు.

పురాణాలు రాసినవాళ్ళకి కెనడా తెలియదు. అది అడవులు, మంచు నేలలు ఉన్న చలి దేశం. అక్కడ లిట్టన్ అనే ఊళ్ళో 2021 జూన్ 29న 49.6 డిగ్రీలు నమోదయ్యింది. మర్నాడే మంటల్లో ఊరు చాలా వరకు కాలిపోయింది. అంతకు ముందు ఆ దేశపు రికార్డు 1937 నాటి 45 డిగ్రీలు. ఆల్బర్టాలో తారు ఇసుక తవ్వి చమురు తీస్తున్నది కూడా ఆ దేశమే.

నేను రక్షణ శాఖలో లెక్కలు చూసి రిటైర్ అయినవాణ్ణి. ఖాతాలో తేడా వస్తే దేవుడి మీదకి నెట్టం, పద్దులు వెతుకుతాం. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకి 280 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. ఇప్పుడు 420 దాటింది. బొగ్గు, చమురు తగలబెట్టడం, అడవులు నరకడం వల్ల వచ్చిన తేడా ఇది. ఖర్చు చేసినవాడు ఏసీ గదిలో ఉంటాడు. ఎండలో పట్టాల మీద పని చేసే గ్యాంగ్‌మన్ ఆ బాకీ తీరుస్తాడు. పాపం అతనిదా?

మా జిల్లాలోని ఆరాబారిలో 1970లలో, నరికేసిన సాల చెట్ల మోళ్ళని గ్రామస్తులే కాపలా కాశారు. రాబడిలో 25 శాతం వాటా ఇస్తామని అటవీ శాఖ ఒప్పుకుంది. మోళ్ళు చిగురించి అడవి మళ్ళీ పెరిగింది. ఒక్క అడవి వల్ల భూమి చల్లబడదు. కానీ మనుషులు చెడగొట్టినది మనుషులే బాగు చెయ్యగలరని అది చూపించింది. కర్మ అనుకుంటే ఎవరినీ లెక్క అడగలేం.