నమూనా ఇచ్చిన దేశానికి టీకా దక్కాల్సిందే

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు గుట్టలుగా చచ్చాయి. భోపాల్‌లోని ప్రయోగశాల దాన్ని బర్డ్‌ఫ్లూగా తేల్చింది. మరుసటి నెలలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల చిన్నారిని హెచ్‌5ఎన్‌1 వైరస్ పొట్టనబెట్టుకుంది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఆ సంగతి నిర్ధారించింది. ఈ వైరస్‌కు మనిషి నుంచి మనిషికి తేలిగ్గా పాకే శక్తి ఇంకా రాలేదు. వచ్చిన నాడు టీకా ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నది అప్పుడు తేల్చుకుందామంటే కుదరదు. ఆ లెక్క ఇప్పుడే, చట్టబద్ధంగా తేలాలి.

ఫ్లూ వైరస్ రూపం మారుస్తూనే ఉంటుంది. తాజా నమూనా లేనిదే సరైన టీకా లేదు. రోగి గొంతులోంచి తీసిన స్వాబ్ మొదట ఆ దేశపు ప్రయోగశాలకు చేరుతుంది. అక్కడి నుంచి వైరస్ అట్లాంటా, లండన్, మెల్‌బోర్న్, టోక్యో, బీజింగ్ వంటి చోట్ల ఉన్న కేంద్రాలకు వెళ్తుంది. అక్కడ ఎంపికైన వైరస్‌తోనే కంపెనీలు టీకా తయారుచేస్తాయి. 1952 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ నడుపుతున్న ఈ వ్యవస్థ మానవాళికి పెద్ద అండ. అయితే నమూనా ఉచితంగా పోతోంది, టీకా మాత్రం డబ్బున్న దేశాల గడప దాటి రావడం లేదు.

ఈ అన్యాయాన్ని మొదట గట్టిగా నిలదీసింది ఇండోనేషియా. తమ రోగుల నుంచి తీసిన వైరస్‌తో తయారైన టీకా తమ ప్రజలకే అందనప్పుడు నమూనాలు ఎందుకివ్వాలని 2007లో వాటిని పంపడం ఆపేసింది. రెండేళ్లకే దాని భయం నిజమైంది. 2009లో స్వైన్‌ఫ్లూ విజృంభించేసరికి సంపన్న దేశాలు ముందస్తు ఒప్పందాలతో టీకాలను తమకు కట్టేసుకున్నాయి. మన దేశంలో తొలి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోనే బయటపడింది. దేశీయ టీకా 2010 మధ్యలో గానీ మార్కెట్లోకి రాలేదు. ఆ ఆగస్టు 10న మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ప్రాణాలు పోయాక అందే టీకా ఎవరికి కావాలి?

ఆ అనుభవం నుంచే 2011లో మహమ్మారి ఫ్లూ సన్నద్ధత ఒడంబడిక పుట్టింది. ఈ వ్యవస్థను వాడుకునే కంపెనీలు దాని నిర్వహణ ఖర్చులో సగం భరించాలి. మహమ్మారి వేళ టీకాల్లో కొంత వాటాను ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇస్తామని టీకా కంపెనీలు ముందే సంతకం చేయాలి. ఇది దానం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. అయితే ఇందులో ఒక పెద్ద కంత ఉంది. ఇప్పుడు వైరస్ సీసా చేతికి రాకపోయినా కంప్యూటర్లో దాని జన్యుక్రమం చూసి టీకా తయారుచేయవచ్చు. జన్యుక్రమాన్ని వాడుకున్నవారి బాధ్యతేమిటో ఆ ఒడంబడిక స్పష్టంగా చెప్పలేదు.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందం మరో అడుగు ముందుకేసింది. ఇందులో చేరిన కంపెనీలు మహమ్మారి వేళ తమ ఉత్పత్తిలో 20 శాతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలి, అందులో సగమైనా ఉచితంగా ఇవ్వాలి. అయితే నమూనాల, ప్రయోజనాల పంపిణీపై అనుబంధం ఖరారై, 60 దేశాలు ధ్రువీకరిస్తేనే ఇది అమల్లోకి వస్తుంది. ఆ అనుబంధంలో జన్యుక్రమం కూడా ఉండి తీరాలి. వాటా ఇవ్వడం కంపెనీల దయకు వదిలేస్తే ఒప్పందం కాగితానికే పరిమితమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకోవాలని అమెరికా 2025 జనవరిలో తీసుకున్న నిర్ణయం ఈ ఉమ్మడి కాపలాను బలహీనపరిచే బాధ్యతారాహిత్యం.

మన చేతులూ శుభ్రంగా ఉండాలి. 2021 వసంతంలో కొవిడ్ రెండో అల ముంచుకొచ్చినప్పుడు భారత్ టీకా ఎగుమతులను నెలల తరబడి ఆపింది. మన టీకాలపైనే ఆశ పెట్టుకున్న పేద దేశాలు విలవిల్లాడాయి. ఇంట్లో కష్టం పెద్దదే, కాదనలేం. కానీ ఎంత మనకు, ఎంత బయటికి అన్నది ముందే రాసుకుని ఉంటే ఇచ్చిన మాట తప్పాల్సిన అవసరం వచ్చేది కాదు.

సన్నద్ధత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉన్న జెనీవాలో మొదలైనా జిల్లా ఆసుపత్రిలో తేలుతుంది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో తమిళనాడు నుంచి రావాల్సిన ఆక్సిజన్ ట్యాంకర్ కొన్ని నిమిషాలు ఆలస్యమైంది. పీడనం పడిపోయి కనీసం 11 మంది కొవిడ్ రోగులు ప్రాణాలు విడిచారు. ట్యాంకర్ రాకపోతే ఏంచేయాలి, సగం మంది సిబ్బంది మంచం పడితే వార్డు ఎవరు చూడాలి, కరెంటు, తాగునీరు, రేషన్ సరఫరా ఎలా ఆగకుండా సాగాలి? ప్రతి జిల్లాకూ దీనిపై రాతపూర్వక ప్రణాళిక కావాలి, ఏటా కసరత్తు జరగాలి. పశుసంవర్ధక, వైద్య శాఖలు కోళ్ల ఫారాల గేటు దగ్గరే చేతులు కలపాలి.

హైదరాబాద్ టీకా పరిశ్రమ ప్రపంచానికి తెలిసినదే. ఆ బలంతో కేంద్ర ప్రభుత్వం పేద దేశాల పక్షాన నిలిచి, నమూనాకు టీకాను ముడివేసే షరతుపై వెనక్కి తగ్గకూడదు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తమ జిల్లాల ప్రణాళికలను ప్రజల ముందు పెట్టాలి. వైరస్ మనకు గడువివ్వదు. ప్రభుత్వాలే తమకు గడువు విధించుకోవాలి.